నేరేడుకు నలభై పూతలు

ఇవాళ తెల్లావు డైరీ వాళ్ళ రోజు కాబట్టి వినోద విహార్ పార్కులో అందరి నీడలూ తెల్లగా పడుతున్నాయి. నా నీడ మాత్రం ఎప్పటిలాగే నల్లగా పడుతోంది.

గేటు దగ్గర ఖాసిం సాయిబు నా మొహం చూడడు, నా నీడను చూస్తాడు. కుర్చీలోంచి లేచి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చెప్పు కొనతో అంచు తొక్కి చూస్తాడు.

"ఇది పోదామ్మా?" అని అడుగుతాడు.

"పుట్టినకాడ నుంచీ ఉంది సాయిబు గారూ. ఇప్పుడెక్కడికి పోద్ది?"

"ఇవాళ తెల్లరోజు. మరకలాగా కనపడుద్ది. ఇంటికాడ పెట్టి రాకపోయావా?"

"ఇంటికి తాళం ఏసొచ్చాను."

అది సరైన కారణమేనని ఆయన ఒప్పుకుంటాడు. కానీ ఇవాళ లోపలికి టిక్కెట్లతో పని లేదు, డైరీ పాలసీసా మీది రేకు మూత చూపించాలి. నా దగ్గర మూత లేదు. పాలమ్ముకునేదాన్ని, నేను పోయి సీసాపాలు కొనుక్కుంటానా?

"చంకలో ఏంటది?"

"దూడ."

"బతికుందా?"

"లేదు. గడ్డి కూరింది."

ఖాసిం సాయిబు జేబులోంచి నిబంధనల కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతాడు. "మేత తెచ్చేవాళ్ళని మూత అడగొద్దని ఉంది. పో తల్లీ" అని పక్కకు తప్పుకుంటాడు.

నా పేరు నాంచారమ్మ. బందరు కాలవ ఒడ్డున మూడు వీధులకు పాలు పోస్తాను. శేర్లు పోయి లీటర్లు వచ్చాయని అందరూ అంటున్నారు గానీ నా నడుముకు ఇంకా ఇత్తడి సోలే వేలాడుతోంది. సోలతో కొలిచాక కాస్త కొసరు పోస్తాను. కొసరు లేకుండా పోసేవి పాలు కావు, మందు. నాకున్నది ఒకటే గేదె. దాని పేరు నేరేడు. దాన్ని ఇంటికి తోలుకుపోవడానికి వచ్చాను.

తొమ్మిది రోజుల కింద డైరీ వాళ్ళు బ్యాండుమేళంతో మా గుమ్మం ముందుకు వచ్చారు. ఊళ్ళోకెల్లా బాగా పాలిచ్చే గేదెకు తమ పండగలో మొదటి స్థానం ఇస్తామన్నారు. నేరేడు మెడలో బంతిపూల దండ వేశారు. నా గేదెను ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు తెలియదు. కొమ్ములకు పసుపు రాసి, పలుపు నా చేత్తో నేనే అందించాను. ఒక్క రోజే అన్నారు. వాళ్ళ రోజు ఎంత పొడుగుంటుందో నేను అడగలేదు.

పార్కులో దారులన్నీ సాగుతున్నాయి. రంగులరాట్నం ముప్ఫై అడుగుల దూరంలో కనపడుతుంది గానీ దాన్ని చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నేల మీద మీగడ కట్టి ఉంది. చెప్పులు చేత పట్టుకుని, దూడను చంక మార్చుకుంటూ నడుస్తాను.

రాట్నానికి కొయ్యగుర్రాల బదులు పాడిగేదెలు ఉన్నాయి. అన్నిటికీ సున్నం కొట్టారు. కొమ్ములు కోసెయ్యకుండా వంపు తీసి, ఆవుకొమ్ముల్లా పైకి నిలబెట్టారు. అవి కళ్ళు మూసుకుని తిరుగుతున్నాయి. చుట్టూ బెంచీల మీద జనం కూర్చుని సీసాపాలు తాగుతున్నారు.

ముందు బెంచీ మీద బసవమ్మ ఉంది. మా వీధి చివరి ఇల్లు తనది, నాకు వరసకు వదిన. తనూ పాలు పోసుకునే మనిషే. ఇవాళ తెల్లచీర కట్టుకుని ఉంది.

"నీ గొడ్డేది వదినా?" అంటాను.

"పొద్దున్న అదిగో, ఆ రెండోది. ఇప్పుడేదో తెలీట్లేదు. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఒకటి తగ్గుతోంది."

"తగ్గినవి ఎక్కడికి పోతున్నాయి?"

బసవమ్మ చేతిలోని సీసా తిప్పి చూపిస్తుంది. దాని మీద అంటించిన కాగితంలో చిన్న తెల్లావు బొమ్మ ఉంది. "ఇందాక నిలబడుంది. ఇప్పుడు పడుకుంది" అంటుంది. బొమ్మ నెమ్మదిగా నెమరు వేస్తోంది.

"ఆ చీరేంటి? మా అన్న బతికుండగా తెల్లచీర కడతావా?"

"డైరీ వాళ్ళిచ్చారు. పాపం మర్యాదగానే అడిగారు. ఈ ఒక్క రోజుకీ సచ్చిపోతానని మీ అన్న ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆరింటికి లెగుస్తాడు."

పక్క బెంచీ మీద మా అన్న రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని చచ్చిపోయి ఉన్నాడు. మూతి మీద ఈగ వాలితే దాన్ని తోలి, మళ్ళీ చచ్చిపోతాడు.

"ఆఫీసులో నీకూ చీర ఉంచారంట. తెచ్చుకో."

"మా ఆయన ఒప్పుకోడు" అంటాను. "ఆయన ఒప్పుకున్నా నేను ఒప్పుకోను."

బసవమ్మ నా వంక జాలిగా చూస్తుంది. ఆ జాలి నాకు నచ్చదు. నేరేడు ఎక్కడని అడిగితే, మొదటి స్థానం పార్కు మధ్యలో ఉందనీ, అద్దాల మేడలోంచి తప్ప దారి లేదనీ చెబుతుంది. చెబుతూనే సీసా ఎత్తి అడుగుదాకా తాగేస్తుంది. తాగింది ఎవరి పాలో తనకు తెలుసు.

అద్దాల మేడలో అద్దాలు తెల్లటివాటిని చూపించవు. జనం తోసుకుంటూ వెళుతున్నారు, అద్దాల్లో మాత్రం ఎవరూ లేరు. నేను కనపడుతున్నాను. నా చంకలో దూడ కనపడుతోంది. అద్దంలో అది బతికే ఉంది. మెడ చాచి నా చెవి నాకుతోంది.

నేను దాని మొహం అటు తిప్పేస్తాను. అది అన్ని అద్దాల్లోంచీ ఇటు తిరుగుతుంది.

ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు నేరేడుకు పెయ్య పుట్టింది. ఎనిమిదో రోజున చచ్చిపోయింది. దూడ మూతి తగిలితేనే గేదె చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దిగుతాయి. దూడ లేకపోతే ఎంత పిండినా చుక్క రాదు. అందుకని మా ఇళ్ళలో ఎప్పుడూ చేసే పనే నేనూ చేశాను. తోలుకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గడ్డి కూరి, కడుపు కుట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని నేరేడు ముందు నిలబెడతాను. నేరేడు దాన్ని తల నుంచి తోక దాకా నాకుతుంది. అంతలో నేను పాలు పిండుకుంటాను. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు నేను ఆ తల్లికి అబద్ధం చెబుతున్నాను.

ఈ సంగతి ఎవరూ తప్పు అనరు. నేనే అనుకుంటాను, అదీ చీకట్లో కాదు, పట్టపగలు, సోల కడుగుతున్నప్పుడు.

మేడ దాటగానే పార్కు మధ్యలోకి వస్తాను. అక్కడ రెండంతస్తుల మేడంత తెల్లావు నిలబడి ఉంది. నాలుగు కాళ్ళకూ వెదురు తడికెలు కట్టి, నిచ్చెనలు వేసి, నలుగురు మనుషులు బ్రష్షులతో సున్నం పూస్తున్నారు. పొదుగుకు నాలుగు ఇత్తడి కుళాయిలు బిగించారు. మెడలో బంతిపూల దండ ఉంది. ఆ దండ ఇప్పుడు దాని గొంతు దగ్గర ఉంగరమంత కనపడుతోంది.

ఎడమ చెవికి చిన్న చీలిక ఉంది. దూడగా ఉన్నప్పుడు కుక్క కరిచిన చీలిక అది. ఆ రోజు గాయానికి పసుపు అద్దింది నేనే.

"నేరేడూ" అంటాను.

అంత ఎత్తు నుంచి ఆ చెవి ఒక్కసారి కదులుతుంది. సున్నం పెచ్చులు రాలి నా మీద పడతాయి.

మేనేజరు పద్మనాభరావు గారు తెల్లకోటులో వస్తాడు. చేతిలో మాట్లాడే గరాటా ఉంది. ఎదురుగా ఉన్నా అందులోంచే మాట్లాడతాడు.

"నువ్వేనా నాంచారమ్మవి? నీ పశువుకు మొదటి స్థానం ఇచ్చాం. సంతోషమేనా?"

"ఏం చేశారయ్యగారూ దీన్ని?"

"సున్నం. అంతకుమించి ఏమీ లేదు. ఒక పూత వేస్తే లోపలి నలుపు కనపడింది. రెండోది వేశాం. పూతకు జానెడు చొప్పున ఎదిగింది. ఇప్పటికి నలభై అయ్యాయి. ఎదుగుదల మాకూ నష్టం కాదు గదా, దూరానికి కూడా కనపడుతుంది."

"ఇది గేదండీ."

ఆయన గరాటా దించి, బడిపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెబుతాడు. "చూడమ్మా. మా సీసా మీద ఉన్నది తెల్లావు. సీసాలో ఉన్నవి పాలు. ఆ పాలు ఇచ్చేది నీ గేదె. కాబట్టి నీ గేదె తెల్లావు. ఇందులో ఎక్కడ తప్పుందో చెప్పు."

"ఆవు నల్లదైతే పాలు నల్లనా అని సామెత ఉంది. ఎవర్నడిగినా చెప్తారు. నల్లగా ఉంటేనేం, పాలు ఇస్తంది గదా."

"సామెతలో కూడా ఆవే ఉంది, చూశావా?" అంటాడాయన, నిజంగా సంతోషపడుతూ.

నిజమే. మంచి మాటలన్నీ ఆవుకే పోయాయి. మొద్దు మనుషుల్ని తిట్టడానికి మాత్రం అందరికీ గేదె జాతి గుర్తుకొస్తుంది, దున్నపోతు మీద వాన కురిసినట్టని అంటారు. ఆవుకు పసుపూ కుంకుమా, గేదెకు బురదగుంట. ఊరు ఊరంతా పొద్దున లేచి కాఫీలో పోసుకునేది మాత్రం మా నల్లదాని పాలు. నాకు కోపం వస్తోంది. ఆ కోపం చాలా పాతదని ఇప్పుడే తెలుస్తోంది.

"నా గొడ్డును నాకివ్వండి. పోతాను."

"ఇస్తాం. ఐదింటికి చైర్మన్ గారు కుళాయి తిప్పుతారు, పాలు వస్తాయి. పిల్లలు తాగుతారు. తరువాత తీసుకుపో."

"మరి ఇంకా ఐదు కాలేదా?"

ఆయన స్తంభం మీది గడియారం చూపిస్తాడు. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. "పాలు వస్తే గానీ ఐదు కాదు. ఐదైతే గానీ పాలు రావు. పొద్దున్నుంచీ ఇదే ఇబ్బంది."

చైర్మన్ గారు కుళాయి మీద చెయ్యి వేసి నవ్వు మొహంతో నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీద పిచ్చుక ఒకటి గూడు కట్టుకుంది. ఆయన ముందు గ్లాసులు పట్టుకున్న పిల్లల వరస ఉంది. చాలాసేపటి నుంచి నిలబడటం వల్ల ముందున్న పిల్లలకు మీసాలు వచ్చాయి. వరస చివర ఉన్నవాళ్ళు ఇంకా పాకుతున్నారు.

"చేపడం లేదమ్మా" అంటాడు పద్మనాభరావు గారు గొంతు తగ్గించి. "మిషను పెట్టాం, మందు పెట్టాం, బ్యాండు కూడా వాయించాం. నీ దగ్గర దూడ ఉందిగా. అది ఇచ్చెయ్. నీ ఫోటో సీసా మీద వేయిస్తాం."

"నా ఫోటో వేస్తే అదీ తెల్లగానే వేస్తారుగా?"

"వెయ్యక తప్పదు."

"అయితే ఇవ్వను. ముందు ఆ గరాటాలో చెప్పండి, ఇది గేదె అని. బందరంతా వినేట్టు చెప్పండి. అప్పుడిస్తాను."

"కాగితాలు అచ్చు వేయించేశామమ్మా" అంటాడాయన. దానికి పైన మాట ఉండదన్నట్టు చూస్తాడు.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మనిషి. నేను ఇవ్వనంటే ఆయన ఊరుకోడు, తనే ఒక దూడను చేయిస్తాడు. తెల్ల కాన్వాసు గుడ్డ తెచ్చి దూడ ఆకారంలో కుట్టిస్తాడు. పార్కంతా గాలించినా గడ్డి దొరకదు. గడ్డి మేతబండిలో వస్తుందని వాళ్ళకు తెలుసు, ఆ బండి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని లోపల డైరీ కరపత్రాలు కూరుతారు. రెండు వేల కరపత్రాలు పడతాయి. కళ్ళ చోట రెండు రేకు మూతలు కుడతారు.

పాడి ఎరిగినవాళ్ళెవరూ ఆ తప్పు చెయ్యరు. తల్లి దూడను కంటితో చూడదు, వాసన చూస్తుంది.

నేరేడు తల దించుతుంది. తల కిందికి రావడానికి చాలాసేపు పడుతుంది. కాగితం దూడను ఒకసారి వాసన చూసి, ఒకసారి నాకుతుంది. నాలుకకు సిరా అంటుకుంటుంది. స్వచ్ఛం, శుభ్రం, పోషకం అనే మూడు మాటలు దాని నాలుక మీద అచ్చు పడతాయి. ఆ రుచి నేరేడుకు నచ్చదు. తల పక్కకు తిప్పి, నాలుకను తన భుజానికే రుద్ది తుడుచుకుంటుంది. మాటలు పోతాయి, వాటితోపాటు సున్నం కూడా పోతుంది. అక్కడ తలుపంత నలుపు బయటపడుతుంది.

"మరక!" అని జనం ఒక్క గొంతుతో అరుస్తారు.

నాకైతే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. తొమ్మిది రోజుల తరువాత నా గేదెను చూస్తున్నాను, తలుపంతైనా సరే.

నలభై ఒకటో పూత వేస్తారు. నేరేడు ఇంకో జానెడు లేస్తుంది. కొమ్ములకు దీపాల తీగ తగులుకుని, పార్కులో సగం దీపాలు పట్టపగలే వెలుగుతాయి.

"తప్పు దూడలో లేదు" అంటాడు పద్మనాభరావు గారు ఆలోచించి. "ఇక్కడ నల్లగా ఉన్నది ఒకటే. ఆ నీడ. దాన్ని చూసి పశువు తికమక పడుతోంది." గరాటా ఎత్తుతాడు. "ఆవిడ నీడకు సున్నం కొట్టండి."

నలుగురూ బకెట్లతో దిగి వస్తారు. పారిపోవచ్చు. పారిపోతే నీడ కూడా వెంట వస్తుంది గదా, వాళ్ళకేం దొరకదు. కానీ నాకు పారిపోవాలని లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, దూడను గట్టిగా పట్టుకుని నిలబడతాను.

"కానియ్యండి. ఎన్ని పూతలేస్తారో ఏసుకోండి. నేను ఇక్కడే ఉంటాను."

మొదటి పూత నీడలోకి ఇంకిపోతుంది. ఎండాకాలం చేలో నీళ్ళు పోసినట్టు చప్పుడవుతుంది. నీడ నల్లగానే ఉంది, కానీ జానెడు పెరిగింది. రెండో పూతకు ఇంకో జానెడు. పదో పూతకు నా నీడ చైర్మన్ గారి బూట్ల దాకా వెళుతుంది. ముప్ఫయ్యో పూతకు పిల్లల వరస మీదికి ఎక్కుతుంది. వాళ్ళ పద్ధతి వాళ్ళకు తెలిసిందే, పూత వేస్తే పెరుగుతుంది. అయినా ఆపరు. ఆపమని కాగితంలో రాసి లేదు.

నలభయ్యో పూతకు పార్కు మొత్తం నా నీడలో ఉంది. రంగులరాట్నం మీది గేదెలు కళ్ళు తెరుస్తాయి. నీడలో సున్నం తెలుపు తెలుపులా లేదు. చల్లగా ఉందని ఎవరో అంటారు. తెల్లనీడలు చల్లగా ఉండవు, ఆ మాట పొద్దున్నుంచీ ఎవరూ అనలేదంతే.

అప్పుడు నేరేడు నన్ను చూస్తుంది. బండిచక్రమంత కన్ను నా మీద ఆగుతుంది. తల దించి, నా చంకలోని దూడను వాసన చూస్తుంది. నాలుక చాచి నాకుతుంది. ఆ నాలుక కింద నేనూ దూడా ఇద్దరం తడిసిపోతాం.

పొదుగు నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇత్తడి కుళాయిలు వణుకుతున్నాయి. గడియారం ముల్లు ఒక నిమిషం జరుగుతుంది, ఇంకో నిమిషం, ఆపైన రెండు నిమిషాలు జరుగుతుంది.

"చేపుతోంది! పట్టుకో, అలాగే పట్టుకో అమ్మా!" అని పద్మనాభరావు గారు అరుస్తాడు.

అలాగే పట్టుకుంటే చాలు. ఐదవుతుంది. చైర్మన్ గారు కుళాయి తిప్పుతాడు. పాలు తెల్లావువి అవుతాయి. నేరేడును నాకిచ్చేస్తారు, ఇచ్చినా ఇవ్వకపోయినా ఆవుగానే మిగిలిపోతుంది. అది వాళ్ళ అబద్ధం. ఆ అబద్ధం నిలబడింది మాత్రం నా చంకలో ఉన్నదాని మీద. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు నేను కుట్టు చూసి, సరిచేసి, ముందు పెట్టిన అబద్ధం మీద.

వాళ్ళను తిట్టే నోరు నాకుంది. ఆ నోటితో ఈ ఒక్క మాట చెప్పలేనా? చెబితే ఇక నేరేడు జన్మలో చేపకపోవచ్చు. మూడు వీధులకూ నా పాలు ఉండవు. అది తెలిసే నోరు తెరుస్తాను.

"నేరేడూ, ఇది నీ పెయ్య కాదమ్మా. నీ పెయ్య ఆషాఢంలోనే సచ్చిపోయింది. నేనే గడ్డి కూరాను. పాల కోసం నీకు అబద్ధం ఆడాను."

నాలుక ఆగుతుంది.

దూడ కడుపు కింది కుట్టును పళ్ళతో తెంపుతాను. గడ్డి బయటికి వస్తుంది. వెల్లకిలా పట్టుకుని మొత్తం దులుపుతాను. ఒక దూడలో పట్టేదానికంటే చాలా ఎక్కువ గడ్డి వస్తుంది, నా మోకాళ్ళ దాకా కుప్ప పడుతుంది. చేతిలో ఖాళీ తోలు మిగులుతుంది.

"తప్పయిపోయింది" అంటాను.

గడియారం ఐదుకు ఒక నిమిషం తక్కువ దగ్గర ఊపిరి బిగబట్టింది. పద్మనాభరావు గారు గరాటాలో తల పెట్టుకుని ఉన్నాడు.

నేరేడు చాలాసేపు ఆ కుప్పను చూస్తుంది. తరువాత మూతి పెట్టి ఆ గడ్డి తినడం మొదలుపెడుతుంది. నెమ్మదిగా, ఒక్క పరక కూడా వదలకుండా తింటుంది. తన దూడలో నాలుగు నెలలు ఉన్న గడ్డి అది. పరాయివాళ్ళ నోట్లో పడకూడదనుకుందో ఏమో. తింటున్నంతసేపూ దాని కన్ను నా మీదే ఉంది. ఆ కంట్లో నేను అనుకున్నంత ఆశ్చర్యం లేదు. నాలుగు నెలలుగా నాకి నాకి, అది గడ్డేనని దానికి తెలియకుండా ఉంటుందా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగింది నేనే.

నేను కుళాయిలు ఊడదీసి అవతల పారేస్తాను. పొదుగు నా తలకంటే ఎత్తుగా ఉంది. కాలివేళ్ళ మీద లేచి రోజూలాగే అరచేత్తో తడతాను.

"దూడ లేదు. నేనున్నాను. ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు. ఎట్టయినా ఇంటికి పోదాం."

నేరేడు ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తుంది. నలభై ఒక్క పూతల సున్నం ఒక్కసారిగా పగిలి, పెంకుల్లా కిందికి జారిపోతుంది. లోపల నా గేదె నిగనిగలాడుతూ నల్లగా నిలబడి ఉంది. ఎదిగినంత ఎదిగే ఉంది, అంగుళం కూడా తగ్గలేదు. అప్పుడు పాలు దిగుతాయి. ఎవరూ పిండకుండా, నాలుగు ధారలు.

"వరస కదలొద్దు" అంటాను. "గ్లాసులు పట్టుకోండి. ఇవి గేదె పాలు. గేదె పాలని చెప్పినవాళ్ళకే పోస్తాను."

"గేదె పాలు" అంటాడు మొదటి మీసాలబ్బాయి. సోలతో కొలిచి పోసి, పైన కొసరు పోస్తాను. కొసరు గ్లాసులో పడగానే వాడి మీసాలు పోయి, ఏడేళ్ళ పిల్లాడై నవ్వుతాడు. తరువాతి పిల్ల చెబుతుంది. ఆ తరువాతిది. పాకే పిల్లలకు మాటలు రావు, వాళ్ళు "అంబా" అన్నట్టు ఏదో అంటారు, దాన్నీ ఒప్పుకుంటాను. అందరికంటే చివర బసవమ్మ వస్తుంది. తెల్లచీర విప్పి పారేసి, మామూలు నేతచీరలో ఉంది. గ్లాసు చాస్తుంది.

"చెప్పు వదినా."

"గేదె పాలు" అంటుంది. అని ఏడుస్తుంది. తనకు కొసరు రెండుసార్లు పోస్తాను.

గడియారం ఐదు కొట్టదు. ఐదు దాటేసి ఆరు కొడుతుంది. చైర్మన్ గారి చెయ్యి, ఊడిపోయిన కుళాయి కోసం ఇంకా గాలిలో వెతుకుతోంది. దూరంగా బెంచీ మీద మా అన్న లేచి కూర్చుని, ఒళ్ళు విరుచుకుని, కాఫీ అడుగుతాడు. రాట్నం మీది గేదెలు దిగి, వంపు తీసిన కొమ్ముల్ని మళ్ళీ వంచుకుంటూ మా వెనక బయలుదేరతాయి.

గేటు నేరేడుకు చాలదు. అది ఆగదు కూడా. గేటు మొత్తం ఊడి దాని కొమ్ముల మీద నిలుస్తుంది, తోరణం కట్టినట్టు. అంత ఎత్తున, గేటు పక్క కుర్చీలో, ఖాసిం సాయిబు కూర్చునే ఉన్నాడు.

కాలవ గట్టు మీద నడుస్తున్నాం. నా నీడ కాలవ దాటి, ఊరి మీద పరుచుకుని ఉంది. నా భుజం మీది ఖాళీ తోలు కదులుతుంది. జారి కిందికి దిగుతుంది. లోపల గడ్డి లేదు, ఎముక లేదు, ఏమీ లేదు. అయినా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. తడబడుతూ నా నీడ అంచుకు వెళ్ళి, మూతి ఆనించి తాగడం మొదలుపెడుతుంది. తాగినకొద్దీ కడుపు నల్లగా నిండుతుంది. కుట్టు తెంపిన చోట నుంచి ఒక్క చుక్క కూడా కారదు.

నేరేడు ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. నేనూ కదలకుండా నిలబడతాను.

"ఇది పోదామ్మా?" అని కొమ్ముల మీది నుంచి ఖాసిం సాయిబు అడుగుతాడు.

"పోదు సాయిబు గారూ. ఇంకా ఉంది."

దూడ తోక ఎత్తి, ఇంకా కావాలని నా నీడను మూతితో పొడుస్తుంది. నీడ చేపుతుంది.